ఛాత్రోపాధ్యాయులు, రసాయన శాస్త్రం: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నేపథ్యంలో వైఖరులు, అపోహలు

బీఈడీ, డీఈఎల్‌ఈడీ చదువుతూ ఉపాధ్యాయులు కాబోతున్నవారిని విద్యాశాస్త్ర గ్రంథాలు ఛాత్రోపాధ్యాయులు అంటాయి. రసాయన శాస్త్రం పట్ల వారికున్న ఇష్టం, భయం, నమ్మకం, దాని జోలికి పోవాలన్న లేదా పోకూడదన్న మొగ్గు, వీటన్నిటినీ కలిపి వైఖరి అంటారు. ఏళ్ల తరబడి చదివాక కూడా శాస్త్రం చెప్పే అర్థానికి భిన్నంగా మనసులో స్థిరపడిన భావాలు అపోహలు. కొందరు పరిశోధకులు వీటిని ప్రత్యామ్నాయ భావనలు అంటారు, అవి ఉత్త తప్పులు కావనీ వాటికంటూ ఒక తర్కం ఉంటుందనీ గుర్తుచేయడానికి. వైఖరినీ అపోహలనీ వేర్వేరు ప్రశ్నపత్రాలతో కొలవడం ఆనవాయితీ. కానీ అవి ఒకదాన్నొకటి కాపాడుకుంటాయి. రసాయన శాస్త్రం బట్టీ సబ్జెక్టు అని నమ్మినవారు అర్థం కోసం వెతకరు. వెతకనివారికి తమ అపోహ ఎన్నడూ ఎదురుపడదు. మార్కులు మాత్రం వస్తూనే ఉంటాయి.

పడమటి మండలాలు

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఊళ్లను జనం పడమటి మండలాలంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి వెళ్లింది. పుంగనూరు, కుప్పం అప్పటికి చిత్తూరులోనే ఉండిపోయాయి. టమాటా, పట్టు, పాడి, గ్రానైటు ఈ నేల బతుకుతెరువులు. కుప్పం ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక మూడూ కలిసే చోట ఉంది. అక్కడి తరగతి గదిలో మూడు భాషల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు.

చదువుల చరిత్రలో ఈ ప్రాంతం వెనకబడినదేమీ కాదు. మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాలను అనీబిసెంట్ 1915లో స్థాపించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో అక్కడ బస చేసి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి ఆలోచనలతో నడిచే రిషివ్యాలీ పాఠశాల ఊరికి దగ్గర్లోనే ఉంది. దాని గ్రామీణ విద్యా విభాగం పల్లె బడుల కోసం కార్డులతో నడిచే బోధనా పద్ధతిని రూపొందించి, ఎన్నో రాష్ట్రాల ప్రాథమిక విద్యపై ప్రభావం చూపింది. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఆ పక్కనే గుడివంకలో అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్‌కు 172 ఎకరాల విజ్ఞాన ప్రాంగణం ఉంది. ఈ సంస్థ ప్రయోగ సామగ్రిని వ్యాన్లలో బడులకు తీసుకెళ్తుంది.

ఇంత ఉన్నా, ఒక బీఈడీ విద్యార్థి మనసులోని పరమాణువు ఎలా ఉందో అడిగి తెలుసుకునే ఏర్పాటు శిక్షణలో పెద్దగా లేదు. ఇది ఈ ప్రాంతపు లోపం అనుకోనక్కర్లేదు. దేశమంతటా శిక్షణ కట్టుబడి అలాంటిదే.

శిక్షణ కట్టుబడి

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో, 2015 నుంచి బీఈడీ ఏడాది కోర్సు రెండేళ్లదైంది. అందులో 20 వారాలు బడుల్లో గడపాలి. మిగిలిన కాలం విద్యా మనోవిజ్ఞానం, మూల్యాంకనం, బోధనా పద్ధతులు, మైక్రో టీచింగ్, పాఠ్య పథకాలు, రికార్డులు, చార్టులతో నిండిపోతుంది. విషయ పరిజ్ఞానం డిగ్రీలోనే వచ్చేసిందని కోర్సు అనుకుంటుంది. ఎలా చెప్పాలో నేర్పుతుంది, ఏం చెప్పాలో మళ్లీ తెరిచి చూడదు. లీ షుల్మన్ 1986లో అమెరికాలో ఎత్తిచూపిన లోపం ఇదే: విషయ జ్ఞానం ఒక గదిలో, బోధనా జ్ఞానం మరో గదిలో ఉండిపోతే, ఒక భావన పిల్లలకు ఎక్కడ అడ్డుపడుతుందో తెలిసిన జ్ఞానం ఎవరి దగ్గరా మిగలదు.

దీనికి మన వ్యవస్థ మరో చిక్కు కలిపింది. ఉన్నత పాఠశాలలో రసాయన శాస్త్రానికి సొంత ఉపాధ్యాయుడు లేడు. భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ పీఎస్ సారువి, అంటే ఫిజికల్ సైన్స్ స్కూల్ అసిస్టెంటువి. ఆ పోస్టుకు వచ్చేవారు ఎక్కువగా బీఎస్సీలో గణితం, భౌతికం, రసాయనం చదివినవారు. వృక్ష, జంతు శాస్త్రాలతో పాటు రసాయనం చదివిన బీజెడ్‌సీ వారు జీవశాస్త్రం వైపు వెళ్తారు. మొదటివారికి రసాయనం లెక్కల సబ్జెక్టుకు తమ్ముడు. రెండోవారికి జీవశాస్త్రానికి పనిమనిషి. దాన్ని ఇంటి యజమానిగా చూసినవారు ఏ వైపునా తక్కువే.

అపోహల పటం

స్కాట్లండ్‌కు చెందిన అలెక్స్ జాన్‌స్టన్ రసాయన శాస్త్రాన్ని మూడు అంచెల్లో చూడమన్నారు: కంటికి కనిపించే పదార్థం, కనిపించని కణాలు, కాగితం మీది సంకేతాలు. రసాయనం తెలిసినవారు ఈ మూడింటి మధ్య అప్రయత్నంగా తిరుగుతారు. పరీక్షలకు తయారైనవారు మూడో అంచెలోనే ఉండిపోతారు. సమీకరణం తూకం వేయగలరు. ఆ సమీకరణం బీకరులో ఏం చెబుతోందో బొమ్మ గీయమంటే ఆగిపోతారు. 1987లో అమెరికాలో నరెన్‌బర్న్, పికరింగ్ వాయు నియమాలపై చూపింది కూడా ఇదే: లెక్క చేయగలిగినవారిలో చాలామంది కణాల బొమ్మలున్న ప్రశ్నకు సరైన జవాబు ఇవ్వలేకపోయారు.

అన్నిటికంటే లోతుగా పాతుకున్న అపోహ పదార్థ నిత్యత్వానికి సంబంధించింది. 100 గ్రాముల నీళ్లలో 10 గ్రాముల ఉప్పు కలిపితే మొత్తం 110 గ్రాములని నియమం తెలిసినవారందరూ చెబుతారు. వాయువు పాలుపంచుకునే చర్య రాగానే నియమం మరుగున పడుతుంది. ఇనుప మేకు తుప్పు పడితే, తుప్పుతో సహా తూచినప్పుడు బరువు తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తుప్పు అంటే ఇనుము తినేయబడడం అన్న ఇంటి అనుభవం, ఆక్సిజన్ వచ్చి చేరిందన్న పాఠాన్ని ఓడిస్తుంది. వాయువుకు బరువుంటుందని పుస్తకంలో చదివారు గానీ మనసు ఒప్పుకోలేదు. లవోజియే 18వ శతాబ్దంలో మూసిన పాత్రలతో, త్రాసుతో కొట్లాడింది ఈ నమ్మకంతోనే.

సున్నం దీనికి ఇంకా మంచి ఉదాహరణ, పైగా మన గోడ మీదే ఉంది. 56 గ్రాముల కాల్చిన సున్నం 18 గ్రాముల నీటితో కలిసి, సెగలు కక్కుతూ, 74 గ్రాముల తడి సున్నం అవుతుంది. గోడకు వేశాక ఆరింది అంటాం. ఆరడం అంటే నీళ్లు పోవడమే కదా, కాబట్టి భౌతిక మార్పు అని రాసేస్తారు. కానీ ఆ 74 గ్రాములు గాలిలోని 44 గ్రాముల కార్బన్ డయాక్సైడును పట్టుకుని, 18 గ్రాముల నీటిని వదిలి, 100 గ్రాముల కాల్షియం కార్బొనేటుగా మారతాయి. గోడ బరువెక్కుతుంది. పుంగనూరు పాలు పెరుగైనా ఇదే తికమక: లాక్టోజును సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లంగా మార్చడం, పీహెచ్ 4.6 దగ్గరికి రాగానే కేసీన్ గడ్డకట్టడం రసాయన మార్పులేనని తెలిసినవారు కూడా, గట్టిపడింది కాబట్టి స్థితి మారిందని అనడం కద్దు.

నీటి మరుగుదలది వేరే కథ. మరిగే నీళ్లలో బుడగల్లో ఏముంటుంది? న్యూజిలాండ్‌లో ఆస్‌బర్న్, కాస్‌గ్రోవ్ 1983లో పిల్లల్ని అడిగితే గాలి, వేడి, ఆక్సిజన్, హైడ్రోజన్ అన్న జవాబులు వచ్చాయి. 1991లో జార్జ్ బాడ్నర్ ఇదే ప్రశ్నను అమెరికాలో రసాయన శాస్త్రంలో పరిశోధనకు చేరిన విద్యార్థులను అడిగితే, వారిలోనూ కొందరు అలాంటి జవాబులే ఇచ్చారు. ఉన్నది నీటి ఆవిరి. హైడ్రోజన్, ఆక్సిజన్ అన్న జవాబు విచిత్రంగా చదువు వల్లే వస్తుంది: నీటి సంకేతం తెలియని పిల్లవాడు ఆ తప్పు చేయలేడు.

మదనపల్లెలో ఈ పాఠానికి ఇంకో మెలిక ఉంది. ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 97, 98 డిగ్రీల మధ్యనే మరుగుతాయి. 1200 మీటర్లు దాటిన హార్స్‌లీ హిల్స్ మీద 96 డిగ్రీలకు అటూ ఇటూగా. ప్రయోగశాలలో థర్మామీటరు ఆ అంకె చూపితే పరికరం పాతదని రికార్డులో 100 అని రాసుకోవడం మన ప్రాక్టికల్స్ అలవాటుకు తగ్గ పనే. వాతావరణ పీడనానికీ మరుగు స్థానానికీ ఉన్న సంబంధాన్ని నిర్వచనంగా అప్పజెప్పగలిగినవారు, అది కళ్లెదుట కనిపించినప్పుడు పరికరాన్ని తప్పుపడతారు. రసాయన శిక్షణ మీద ఇంతకంటే గట్టి విమర్శ మరొకటి దొరకదేమో.

కొన్ని అపోహలను బడి స్వయంగా తయారుచేస్తుంది. పళ్లెంలో నీళ్లు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, మీద గాజు గ్లాసు. కొవ్వొత్తి ఆరుతుంది, నీళ్లు పైకెక్కుతాయి. గాలిలో అయిదో వంతు ఆక్సిజన్ ఖర్చయింది, నీరు ఆ జాగాను నింపింది అని వివరణ. తరాలుగా చార్టుల మీద ఉన్న ఈ వివరణ తప్పు. గ్లాసులో ఆక్సిజన్ ఇంకా చాలా మిగిలి ఉండగానే మంట ఆరిపోతుంది. ఖర్చయిన ఆక్సిజన్ బదులు కార్బన్ డయాక్సైడు పుడుతుంది. అసలు సంగతి వేడిది: మంట చుట్టూ వేడెక్కిన గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, మంట ఆరాక లోపలి గాలి చల్లబడి కుదించుకుంటుంది, బయటి పీడనం నీటిని లోపలికి తోస్తుంది. నీళ్లు ప్రధానంగా మంట ఆరిన తర్వాతే ఎక్కుతాయని గమనిస్తే చాలు. రెండు, మూడు కొవ్వొత్తులు పెడితే నీరు ఇంకా ఎత్తుకు వెళ్తుంది. ఆక్సిజన్ వాటానే కారణమైతే అలా జరగకూడదు. శిక్షణ తరగతిలో ఈ ఒక్క ప్రయోగం మీద పూట గడిపినా దండగ కాదు.

పరమాణువుల ప్రపంచంలో అపోహలు మనుషుల భాష మాట్లాడతాయి. సోడియం ఒక ఎలక్ట్రాన్ ఇచ్చేయాలనుకుంటుంది, క్లోరిన్ తీసుకోవాలనుకుంటుంది, ఇద్దరికీ అష్టకం నిండుతుంది, సంతోషం. బ్రిటన్‌లో కీత్ టేబర్ ఈ అష్టక ఆలోచనను ఏళ్ల తరబడి పరిశీలించారు. లెక్క చూస్తే కథ చెదిరిపోతుంది. ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు లాగడానికి 496 కిలోజౌళ్లు పెట్టాలి. క్లోరిన్ పరమాణువులు వాటిని తీసుకుంటే తిరిగొచ్చేది 349 మాత్రమే. అంటే ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో 147 కిలోజౌళ్ల లోటు. ఆ లోటును పూడ్చేది అయాన్లు స్ఫటికంగా చేరినప్పుడు వెలువడే దాదాపు 787 కిలోజౌళ్లు. ఉప్పు కథలో నాయకుడు స్ఫటికం. చార్టు మీద మాత్రం రెండు గుండ్రాలు, ఒక బాణం ఉంటాయి. అందుకే ఉప్పులో విడివిడి సోడియం క్లోరైడ్ అణువులుంటాయన్న నమ్మకం డిగ్రీ దాటినా వదలదు.

బంధం తెగితే శక్తి వస్తుందన్న అపోహను బీజెడ్‌సీ నేపథ్యం ఉన్నవారిలో ఎక్కువగా చూస్తాం. ఏటీపీలో అధిక శక్తి బంధం తెగి శక్తి విడుదలవుతుందని జీవశాస్త్ర పుస్తకాలు సంక్షిప్తంగా రాసిన ఫలితం ఇది. బంధం తెంచడానికి ఎప్పుడూ శక్తి పెట్టాలి. కొత్త బంధాలు ఏర్పడినప్పుడే తిరిగొస్తుంది. గణితం, భౌతికం, రసాయనం చదివిన ఎంపీసీ నేపథ్యం వారి అపోహలు సూత్రాల నీడన దాగుంటాయి. లీటరుకు 10⁻⁸ మోల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం పీహెచ్ ఎంత అంటే సూత్రంలో పెట్టి 8 అనేస్తారు. ఆమ్లం కలిపితే నీరు క్షారం ఎలా అయిందన్న అనుమానం రాదు. నీటి సొంత హైడ్రోజన్ అయాన్లను కూడా లెక్కిస్తే జవాబు 6.98.

సమతాస్థితి అంటే చర్య ఆగిపోవడమనీ, రెండు వైపులా సమాన మొత్తాలుండడమనీ అనుకోవడం. గాఢతనూ బలాన్నీ కలిపేయడం. మోల్‌ను ఒక బరువుగా భావించడం. రాగి పరమాణువు కూడా ఎర్రగా, సాగేలా ఉంటుందనుకోవడం. ఇవన్నీ కూడా ప్రపంచమంతా నమోదైనవే. చివరిదాన్ని ఇజ్రాయెల్‌లో బెన్-జ్వీ బృందం 1986లో నమోదు చేసింది. మరో అపోహకు కుప్పం పరిసరాల్లో ఒక చక్కని స్థానిక విరుగుడు ఉంది. బంగారం దేనితోనూ చర్య జరపదని అనేవారు పక్కనున్న కోలార్ బంగారు గనుల వ్యర్థపు గుట్టలను చూడవచ్చు. 2001లో మూతపడేవరకు ఆ గనుల్లో రాతిపొడి నుంచి సయనైడు ద్రావణం, గాలిలోని ఆక్సిజన్ కలిసి బంగారాన్ని కరిగించి తీశాయి.

మూడు భాషల తరగతి

పైన కరిగించడం అన్న మాట వాడక తప్పలేదు, చిక్కు కూడా అక్కడే ఉంది. తెలుగులో మంచు కరుగుతుంది, చక్కెరా కరుగుతుంది. కన్నడంలోనూ కరగు అన్న ఒక్క మాటే రెంటికీ సరిపోతుంది. తమిళంలో మాత్రం మంచు ఉరుగుతుంది, చక్కెర కరైయుతుంది. కుప్పంలో తమిళం మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పాపకు ద్రవీభవనం, ద్రావణం ఏర్పడడం వేర్వేరని ఇంట్లోనే తెలుసు. తెలుగు పిల్లవాడికి ఆ తేడా బడి చెప్పాలి. చక్కెర నీళ్లలో ద్రవంగా మారిపోయిందని రాసిన జవాబును ఈ వెలుగులో దిద్దాలి. మాధ్యమం మారడం ఈ చిక్కును ఇంకా ముదరబెట్టింది. పదో తరగతి దాకా తెలుగులో చదివినవారు ఇంటర్‌లో ఇంగ్లీషు పదాలను శబ్దాలుగా పట్టుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 తర్వాత వచ్చిన ద్విభాషా పాఠ్యపుస్తకాలు రెండు భాషలనూ ఎదురెదురు పేజీల్లో పెట్టాయి. అది మంచి అవకాశం. రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి పాఠం చెప్పడం మాత్రం శిక్షణలో ప్రత్యేకంగా నేర్పాల్సిన విద్య.

వైఖరి

వైఖరిని కొలవడానికి రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన మెట్ల పద్ధతే ఇప్పటికీ ఆధారం: ఒక వాక్యం ఇచ్చి, పూర్తిగా అంగీకరిస్తాను నుంచి అస్సలు అంగీకరించను దాకా అయిదు మెట్లలో ఒకటి ఎంచుకోమంటారు. దీని బలహీనత ఏమిటంటే, ఇంటర్నల్ మార్కులు వేసే అధ్యాపకుడే పత్రం పంచితే, రసాయన శాస్త్రం నాకు ఇష్టం అన్న వాక్యాన్ని కాదనే ధైర్యం ఎవరికుంటుంది? సగటు అంకె ఎప్పుడూ అనుకూలం వైపే వాలుతుంది. ఆ అంకె కంటే ఇంటర్న్‌షిప్‌లో ఛాత్రోపాధ్యాయులు ఏ పాఠాలను ఎంచుకుంటారో, వేటిని ఇంకొకరికి వదిలేస్తారో చూస్తే వైఖరి తేటగా తెలుస్తుంది. ఆమ్లాలు, క్షారాలు, లిట్మస్ కాగితం అంటే ముందుకొస్తారు. రసాయన బంధం, మోల్ భావన అంటే వెనక్కి తగ్గుతారు.

ఈ వైఖరి ఇంటర్మీడియట్‌లో బిగుసుకుంటుంది. రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నల్లో గణితానికి 80, భౌతికానికి 40, రసాయనానికి 40. రసాయనం ప్రశ్నలకు తక్కువ సమయం పడుతుందని, బట్టీ పడితే మార్కులొస్తాయని కోచింగ్ లోకం చెబుతుంది. స్కోరింగ్ సబ్జెక్టు అన్న ఈ బిరుదు ప్రేమగా కనిపించే నిర్లక్ష్యం. ప్రాక్టికల్స్ దగ్గర లవణ విశ్లేషణ పట్టికను కంఠస్థం చేసి, ఇచ్చిన లవణాన్ని వాసనతో, రంగుతో ఊహించి, రికార్డు వెనక నుంచి రాసుకొచ్చే పద్ధతి రాష్ట్రమంతా తెలిసిందే. దీనికి తోడు కెమికల్ అంటే విషం అన్న వాడుక ఉంది. టమాటా మండీ ఊళ్లో కెమికల్ లేని పంట అనే మాట రోజూ వినబడుతుంది. టమాటాలోని సిట్రిక్ ఆమ్లమూ కెమికలేనని చెప్పాల్సిన ఉపాధ్యాయుడు కూడా ఆ వాడుకలోనే పెరిగాడు.

ఇష్టం పెరిగితే అపోహలు తగ్గుతాయా? అంత సూటి సంబంధం ఏమీ లేదు. ఉత్సాహంగా కొవ్వొత్తి ప్రయోగం చేసి చూపేవారు తప్పు వివరణను మరింత ఉత్సాహంగా నాటగలరు. ఆత్మవిశ్వాసం, అపోహ కలిసి ఉన్న ఉపాధ్యాయుడి చేతిలో తప్పు భావన ఏటా ఒక తరగతికి అందుతుంది. యెమెన్‌లో కాబోయే రసాయన ఉపాధ్యాయులపై హైదర్ 1997లో ప్రచురించిన అధ్యయనం, పదార్థ నిత్యత్వం వంటి మౌలిక భావనల్లోనే వారి అవగాహన అరకొరగా, కంఠస్థం మీద ఆధారపడి ఉందని చూపింది.

పట్టుకోవడం, సరిదిద్దడం

అపోహను పట్టుకోవడానికి డేవిడ్ ట్రెగస్ట్ 1988లో స్థిరపరిచిన రెండంచెల పరీక్ష తేలికైన సాధనం. మొదటి అంచెలో జవాబు, రెండో అంచెలో దానికి కారణం. మేకు బరువు పెరుగుతుందని సరిగ్గా గుర్తించి, కారణం దగ్గర తుప్పు తేమను పీల్చుకుంటుంది కాబట్టి అని ఎంచుకున్నవారు మామూలు పరీక్షలో నెగ్గేవారే. కణాల బొమ్మ గీయించడం ఇంకా చవక: మూసిన సీసాలో గాలి సగం తీసేశాక మిగిలినదాన్ని గీయమంటే, కణాలన్నిటినీ సీసా అడుగుకో ఒక మూలకో చేర్చినవారు ఎవరో క్షణంలో తెలుస్తుంది.

సరిదిద్దడం కష్టం. పోస్నర్, స్ట్రైక్, హ్యూసన్, గెర్ట్‌జాగ్ 1982లో చెప్పినట్టు పాత భావన పట్ల అసంతృప్తి కలగాలి, కొత్తది అర్థం కావాలి, నమ్మదగినదిగా తోచాలి, ఉపయోగపడాలి. సరైన జవాబు బోర్డు మీద రాయడం వల్ల వీటిలో మొదటిదే జరగదు. ముందు ఊహించి, తర్వాత చూసి, ఆపై వివరించే పద్ధతి అందుకు పనికొస్తుంది. ఊహను కాగితం మీద రాయించాలి, లేకపోతే ప్రయోగం అయ్యాక అందరూ ముందే అనుకున్నామంటారు. 1972 నుంచి 2002 వరకు మధ్యప్రదేశ్‌లో నడిచిన హోషంగాబాద్ విజ్ఞాన కార్యక్రమం పల్లె బడుల్లో చవక సామగ్రితో ఇలాంటి బోధన సాధ్యమేనని చూపింది. అక్కడ ముందుగా పిల్లల స్థానంలో కూర్చుని ప్రయోగాలు చేసింది ఉపాధ్యాయులే. మన దగ్గర జన విజ్ఞాన వేదిక చెకుముకి పత్రిక ద్వారా, అగస్త్య వ్యాన్ల ద్వారా ఆ దిశలో పని జరిగింది గానీ, దాని గురి ప్రధానంగా పిల్లల మీద.

పడమటి మండలాల్లో సామగ్రి కొరత ఒక సాకు మాత్రమే. సున్నపురాతి ముగ్గుపిండి మీద నిమ్మరసం పిండితే బుడగలొస్తాయి, బియ్యప్పిండి మీద రావు, గ్రానైటు ముక్క మీదా రావు. చింతపండుతో ఇత్తడి చెంబు మెరుస్తుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఇరవై వారాల ఇంటర్న్‌షిప్‌లో ప్రతి ఛాత్రోపాధ్యాయుడూ వీటిలో ఒకదాని గురించి అయిదుగురు పిల్లలతో మాట్లాడి, వారి మాటలను యథాతథంగా రాసి, పక్క పేజీలో తన సొంత వివరణ రాసి తేవాలని కళాశాల అడగవచ్చు. రికార్డుల్లో ఒకటి తగ్గించి ఇది చేర్చడానికి కొత్త నిబంధన అక్కర్లేదు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతిపాదించిన నాలుగేళ్ల సమీకృత కోర్సులో విషయం, బోధన ఒకే కప్పు కిందికి వస్తాయి. అక్కడ రసాయన అధ్యాపకుడు, విద్యాశాస్త్ర అధ్యాపకుడు ఒకే ప్రయోగశాలలో నిలబడతారా, లేక టైంటేబుల్లో పక్కపక్క గళ్లలోనే ఉండిపోతారా అన్నది ఏ కళాశాలకు ఆ కళాశాల తేల్చుకోవాల్సిన విషయం.